నాలుగో బావి మూత

మూతపడిన ఒక పెట్రోలు బంకు దగ్గర భూగర్భజలాన్ని పరీక్షించడం నా ఉద్యోగంలో భాగం. రాయచూరు నుంచి లింగసూగూరు వెళ్లే రోడ్డు మీద, కల్మల దాటిన కాసేపటికి ఆ బంకు వస్తుంది. నేలలో పాతిన పెట్రోలు ట్యాంకు ఎన్నాళ్లు కారిందో ఎవరికీ తెలియదు. ట్యాంకులు తవ్వి తీసేశారు. మట్టిలోకి ఇంకిన పెట్రోలు నీటితోపాటు ఎటు పోతోందో చూడటానికి చుట్టూ ఐదు సన్నటి బోర్లు వేశారు. వాటిని మేం పరిశీలన బావులంటాం. ఒక్కోదానికి ఇనుప మూత, మూతకు తాళం.

మూడు నెలలకోసారి వెళ్లేవాణ్ణి. పని వరస మారేది కాదు. బాగున్న బావి ముందు, చెడిన బావి చివర. ప్రతి బావికీ కొత్త చేతి తొడుగులు. నీటిమట్టం కొలవాలి, పైపులో నిలవున్న నీటిని తోడెయ్యాలి, కొత్తగా ఊరిన నీటిని గాలి బుడగ మిగలకుండా గాజు సీసాలో నింపాలి. ఆ రోజు బండిలో పెట్రోలు పోయించుకోకూడదు. చేతికంటిన చుక్క చాలు, ఫలితం తారుమారు కావడానికి.

ఐదింటిలో నాలుగోదంటే నాకు బెరుకు. అక్కడ భూమిలోపలి నీరు బంకు నుంచి తూర్పుకు కదులుతుంది. తూర్పున ఒకామె టిఫిన్ హోటల్, దాని వెనక ఆమె బోరు. పక్కనే ఆమె భర్త పంక్చర్ షాపు. బంకుకూ ఆ బోరుకూ నడుమ ఉన్నది నాలుగో బావి ఒక్కటే. అందులోకి పెట్రోలు వచ్చిందంటే తర్వాతి వంతు హోటల్‌దే.

ప్రతిసారీ తుప్పుతో సతాయించే దాని తాళం ఒక పొద్దున ఒక్క తిప్పుకే వచ్చింది. మూత ఎత్తగానే గుప్పున చమురు వాసన. తోడిన నీటి మీద రంగురంగుల పొర తేలింది. సీసా నింపి, పేరు రాసి, ఐసు పెట్టెలో పెట్టి నేరుగా హోటల్‌కు నడిచాను.

"అక్కా, రిపోర్టు వచ్చేదాంక బోరు నీళ్లు వాడకుండ్రి. తాగనీకి వద్దు, వంటకు వద్దు."

"గిట్లంటవేంది సారూ? పిండి దేంతోని రుబ్బాలె? చాయ్ దేంతోని పెట్టాలె?"

"అప్పటిదాంక క్యాన్లు తెప్పించుకోవాలె."

"క్యాన్లతోని హోటల్ నడుస్తదా? బోరు పాయెనంటే దుకాణం బంద్ వెట్టుడే!"

టైరు విప్పుతున్న భర్త తల ఎత్తాడు. "ఏ బావిల వాసనొచ్చింది సారూ?"

"నాలుగో దాంట్ల. మీ దిక్కుది."

"వస్తది మరి," అంటూ చేతులు తుడుచుకున్నాడు. "నిన్న నేనే డీజిల్ వోసిన. వచ్చినప్పుడల్లా తాళంతోని కుస్తీ వడ్తవు గద, పాపమనిపిచ్చింది. తుప్పువట్టిన నట్లకు మేం జేసేదే. మూత సందుల గూడ రెండు సుక్కలు వోసిన."

"రెండు సుక్కలా?" ఆమె గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "నీ రెండు సుక్కలు నాకెర్క లేదా! సగం సీసా వంపలే?"

"పావు."

"లారీల నట్లన్ని ఊడవీకి అయిపాయె, ఇగ నా హోటల్ ఊడవీకు!"

నాకు నవ్వొచ్చింది. అయినా మాట మార్చలేదు.

"ఒప్పుకున్నడు గద సారూ, ఇంకేంది?" అందామె.

"అన్న చెప్పింది నిజమే అక్కా. కానీ మీదికెళ్లి డీజిల్ పడ్డంక, కిందికెళ్లి పెట్రోలు వచ్చిందా లేదా అన్నది వాసనల తెల్వదు. ల్యాబోళ్లే చెప్పాలె."

మూత, తాళం మార్చాం. పైపు లోపల కడిగాం. మళ్లీ మళ్లీ వెళ్లి నీరు తోడి, నేల మీద పారబోయకుండా డ్రమ్ముల్లోకి పట్టాను. నేను తోడుతున్నంతసేపూ ఆమె భర్త చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడేవాడు. చివరికి నాలుగో బావి నుంచి, హోటల్ బోరు నుంచి కొత్త నమూనాలు తీసి పంపాను. ఈలోగా హోటల్లో ఇడ్లీ ఆగిపోయింది. క్యాన్ల నీళ్లతో చాయ్ మాత్రం పెట్టేది. ఇడ్లీ అడిగిన లారీ డ్రైవర్లకు "ఇల్ల" అని కన్నడంలో ఒక్క ముక్క చెప్పి, భర్త వైపు చూసేది.

రిపోర్టు వచ్చింది. మొదటి నమూనాలో ఉన్నది డీజిల్ ఒక్కటే. తర్వాతి వాటిలో డీజిలూ లేదు, పెట్రోలూ లేదు. హోటల్ బోరు శుభ్రం. ఫోన్ చేస్తే సరిపోయేది, కానీ బండేసుకుని వెళ్లాను. మూడు నెలల తర్వాత మళ్లీ చూడాల్సిందేనని కూడా చెప్పాను.

ఆమె వెనక్కి వెళ్లి బోరు నల్లా తిప్పి, స్టీలు గ్లాసు నింపి తెచ్చి నా ముందు పెట్టింది.

"ముందుగాల నువ్వు తాగు."

ఆ నీళ్లను పరీక్షకు సీసాలోకి పట్టాను గానీ, ఒక్కసారీ తాగలేదు. దాహమేస్తే ఇంటి నుంచి తెచ్చుకున్న బాటిలే ఎత్తేవాణ్ణి. ఆమె అది గమనించిందని అప్పుడు అర్థమైంది. గ్లాసు ఖాళీ చేశాను.

"కొంచెం ఉప్పగున్నయక్కా."

"ఎప్పటికి గట్లనే ఉంటయి," అంటూ గ్లాసు తీసుకుంది. క్యాన్లు బయట పెట్టమని భర్తను కేకేసి, రేపటి ఇడ్లీకి మినప్పప్పు గిన్నెలో పోసుకుని నల్లా కింద పెట్టింది.