గంగ బురదలో నా సస్పెన్షన్ పాండిత్యం

గంగలో దిగితే పాపాలు పోతాయంటారు. నేను ఒక ఆదివారం మధ్యాహ్నం కారుతో సహా దిగాను. వెనక సీట్లో మా అమ్మ కూడా ఉంది. పాపాల సంగతి ఏమోగానీ ముందు బంపరు మాత్రం పోయింది. దాంతోపాటు నేను ఎంతో శ్రమపడి కట్టుకున్న పాండిత్యం కూడా కొట్టుకుపోయింది. ఎలా పోయిందో చెబుతాను. నవ్వదలిస్తే నవ్వండి, మొహమాటపడకండి. మా వీధిలో ఎవరూ పడలేదు.

నేను పుట్టి పెరిగింది కోల్‌కతా ఖిదిర్‌పూర్‌లో, డాక్ కార్మికుల క్వార్టర్లలో. నాన్న శ్రీకాకుళం దగ్గర నుంచి వచ్చి ఓడల్లో సరుకు దింపేవారు. మాది నేల అంతస్తు. అందులోనూ రోడ్డు కంటే పల్లం. కిటికీలోంచి చూస్తే మనుషులు కనబడేవారు కాదు, కాళ్లు కనబడేవి. చెప్పులను బట్టి ఎవరు వెళుతున్నారో పోల్చుకుంటూ పెరిగినదాన్ని. అందుకేనేమో, చదువుకుని సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగంలో కుదురుకోగానే నాకు ఎత్తు మీద మోజు పట్టుకుంది. కొండలూ వాగులూ దాటే పెద్ద బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఉన్న ఎత్తు చాలక సస్పెన్షన్ మార్పించి ఇంకాస్త లేపించాను. అది కూడా చాలక పనసకాయ తొక్కలాంటి గరుకు టైర్లు వేయించాను. మన పెద్దవాళ్లు నేల విడిచి సాము చేయవద్దన్నారు. నేను డబ్బులిచ్చి మరీ నేల విడిచాను.

బండి ఇంటికి తెచ్చిన రోజు అమ్మ బయటికి వచ్చి తల పైకెత్తి చూసింది.

"ఒలమ్మో! ఇదేటే నీలా, బండా, మేడా?"

"ఎక్కమ్మా, అలా తిరిగొద్దాం."

"ఎక్కడానికి నిచ్చెనేది? అది కూడా కొన్నావేటి?"

నిచ్చెన కొనలేదు గానీ ప్లాస్టిక్ స్టూలు ఒకటి కొన్నాను. దాని కాలికి తాడు కట్టాను. అమ్మ స్టూలు మీద నుంచి బండెక్కి కూర్చున్నాక, బావిలోంచి నీళ్లు చేదినట్టు స్టూలును పైకి లాక్కునేది. నాన్న మాత్రం ఎక్కలేదు. "పోర్టులో క్రేనెక్కమంతేనే నానెక్కనేదు, దీన్నెక్కుతానా?" అని అరుగు మీదే కూర్చుండిపోయారు.

ఇలాంటి బండ్లున్న కోల్‌కతా వాళ్లందరికీ ఫోన్‌లో ఒక గ్రూపు ఉండేది. అందులో రోజూ ప్రశ్నలు. "గతుకులో పడితే ముందు చక్రం దగ్గర టక్ టక్ మంటోంది." బుష్‌లు పోయుంటాయి, మార్చండి అనేదాన్ని. "బండి ఒక పక్కకి లాగుతోంది." అలైన్‌మెంట్ చేయించండి. "వెనక సీట్లో వాళ్లు ఎగిరెగిరి పడుతున్నారు." షాక్ అబ్జార్బర్లు చూపించండి. ఏ రోగానికైనా నా దగ్గర ఈ మూడు సీసాలే. అయినా పదిమందికి చెప్పగా చెప్పగా, ఆఖరికి నాకే నమ్మకం కుదిరింది, నాకు అన్నీ తెలుసని. వీడియోలు చూసి ఈత నేర్చుకున్న మనిషి ఒడ్డున నిలబడి ఇతరులకు మెళకువలు చెబుతున్నట్టుండేది నా వ్యవహారం. నిజానికి నేనెక్కిన మహాపర్వతం మా వీధి చివర స్పీడు బ్రేకరు. నేను దాటిన మహానది, వానాకాలంలో మా ఆఫీసు ముందు నిలిచే నీళ్లు.

నన్ను అందరికంటే ఎక్కువగా నమ్మింది తపన్-దా, అంటే తపన్ అన్నయ్య. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన బెంగాలీ మాస్టారు. నాకు రెండింతల వయసు, అయినా "దీదీ" అనే పిలిచేవారు. ఆయనది కూడా సరిగ్గా నా బండే. ఏ పని చేయబోయినా ముందు నన్ను అడిగేవారు. టైర్లలో గాలి ఎంతుండాలి, చక్రాలు ముందువి వెనక్కి ఎప్పుడు మార్చాలి, స్ప్రింగులకు గ్రీజు పెట్టాలా వద్దా. నేను చెప్పడం, ఆయన "ధన్యవాదాలు దీదీ" అనడం. అంత పెద్దాయన అంత వినయంగా అడుగుతుంటే తెలియదనడానికి నోరు రాదండీ. మీకైనా రాదు.

ఒకరోజు ఆయన అడిగారు. "దీదీ, మీరు బురదలో నడుపుతుంటే ఒక్కసారి కళ్లారా చూడాలని ఉంది. వీలవుతుందా?"

"దానికేముంది దాదా, రండి" అన్నాను. వేలు అలవాటు కొద్దీ టైపు చేసేసింది. గుండె తర్వాత చదువుకుంది.

ఆ ఆదివారం మెటియాబ్రుజ్ దాటాక గంగ ఒడ్డున, ఇటుకల పడవలు సరుకు దింపే చోట కలుసుకున్నాం. అమ్మ పట్టుబట్టి వచ్చింది. "మా గుంట బండి తోల్తాదంతే నలుగురూ సూడ్డానికొస్తన్నారు. కన్నదాన్ని నాను సూడొద్దా?" అంది. పట్టుచీర కట్టింది. టిఫిన్ క్యారియర్లో పులిహోర పెట్టింది. ఆ పట్టుచీర చూస్తే నాకు వెనక్కి తిరిగి పోదామనిపించింది గానీ, అదే చీరను చూసే తిరిగి పోలేకపోయాను.

నది ఆటులో ఉంది. నీళ్లు దూరంగా జరిగి, నున్నటి ఒండ్రు నేల బయటపడి ఉంది. చూడ్డానికి అప్పుడే అలికిన వాకిలిలా ముద్దుగా ఉంది. నేను కిందికి దిగి, తపన్-దా చూస్తుండగా టైర్లలో గాలి తగ్గించాను. "బురదలో టైరు కాస్త వెడల్పు కావాలి దాదా, అప్పుడే పట్టు దొరుకుతుంది" అని ఉపన్యాసం ఇచ్చాను. అంతవరకూ చెప్పింది నిజమే. నా పాండిత్యంలో నిజం అక్కడితో అయిపోయింది.

బండి ఒండ్రులోకి దిగింది. కొంతదూరం వెన్నలో కత్తిలా సాగిపోయింది. "ఒలే, బాగుందే!" అంది అమ్మ. ఆ హుషారులో బండిని ఒడ్డు వైపు తిప్పాను, అంతలోనే ఆగింది. యాక్సిలరేటర్ తొక్కాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి నల్లటి బురదను ఆకాశానికి విసిరాయి. ఇంకా తొక్కాను. గారెల పిండి రుబ్బుతున్నట్టు చప్పుడు. ఎంత తొక్కితే అంత కూరుకుపోయాం. అంత డబ్బు పోసి పెంచిన ఎత్తంతా కరిగిపోయి, అమ్మ కిటికీలోంచి చెయ్యి చాపితే నేల అందేలా ఉంది.

"ఇప్పుడు స్టూలక్కర్లేదే" అంది అమ్మ.

తపన్-దా ఒడ్డు మీంచి అరిచారు. "దీదీ! నేను వచ్చి లాగనా?"

అప్పుడైనా వద్దనాలి. "రండి దాదా! అచ్చం నేను వచ్చినట్టే రండి. టైర్లలో గాలి తగ్గించండి. రెండో గేరు. మధ్యలో ఆపకండి" అన్నాను.

ఆయన మంచి విద్యార్థి. అచ్చం నేను వచ్చినట్టే వచ్చారు. అచ్చం నేను దిగబడినట్టే, నా వెనక కాస్త దూరంలో దిగబడ్డారు. కిటికీలోంచి తల బయటపెట్టి, "దీదీ, ఇప్పుడేం చేయాలి?" అన్నారు.

అమ్మ మాత్రం నది వైపు చూస్తోంది. లంగరేసిన పడవలు ఒక్కొక్కటే మెల్లగా ముఖాలు తిప్పుకుంటున్నాయి.

"పడవలు తిరిగినాయే నీలా" అంది అమ్మ. గొంతులో వేళాకోళం లేదు. "పోటొస్తంది."

మా గంగలో, అదే హుగ్లీలో, పోటు ఎలా వస్తుందో డాక్ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అడుగడుగునా బురదను మింగుతూ వస్తుంది. ఎవరికోసమూ ఆగదు. బండి పోతే పోయింది. కానీ పట్టుచీరలో మా అమ్మ, నన్ను నమ్మి వచ్చిన ముసలాయన. ఇద్దరినీ తీసుకొచ్చి నదికి ఎదురుగా నిలబెట్టింది నేను. అంతవరకూ నా పాండిత్యం ఎవరికీ హాని చేయని ముచ్చటే అనుకునేదాన్ని. ఆ క్షణంలో మొదటిసారి దాన్ని చూసి భయం వేసింది.

అమ్మ కిటికీలోంచి నడుము దాకా బయటికి వచ్చి ఒడ్డు వైపు కేక పెట్టింది. "అప్పలసామన్నా! ఓ అప్పలసామన్నా!"

నాన్నతో కలిసి ఓడల్లో పనిచేసిన అప్పలసామి మావయ్య ఆదివారాలు ఆ రేవులో టీ కొట్టు దగ్గర పేకాడతాడు. అమ్మ కేకకు పేక ముక్కలు చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. వెనకే పదిమంది తెలుగువాళ్లు, వాళ్ల వెనక ఇటుకల పడవ బెంగాలీలు. ముందుగా ఇద్దరు చేతులు పెనవేసి కుర్చీలా చేసి అమ్మను ఒడ్డుకు మోసుకెళ్లారు. ఒళ్లో టిఫిన్ క్యారియరుతో, అమ్మవారి ఊరేగింపులా వెళ్లింది. తపన్-దా ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని తనంతట తానే దిగి, నా పక్కనే నిలబడ్డారు. ఓడలు కట్టే లావుపాటి మోకు వచ్చింది.

"కొక్కెమేదే పాపా?" అన్నాడు మావయ్య. లాగేటప్పుడు తాడు తగిలించే కొక్కెం.

ఆ కొక్కెం మా ఇంట్లో అటక మీద ఉంది. కొత్త బంపరు బిగించినప్పుడు అందానికి అడ్డమని తీయించేశాను. ఈ మాట నెమ్మదిగా చెప్పాను. మావయ్య మోకును బంపరుకే చుట్టాడు. అమ్మ ఒడ్డు మీంచి "హైలెస్సా!" అంది. అందరూ "హైలెస్సా!" అన్నారు. రెండో హైలెస్సాకి ఫటేల్మంది. పదిహేనుమందీ బురదలో వెల్లకిలా పడ్డారు. బండి ఉన్నచోటే ఉంది.

మావయ్య లేచి, మోకు చివర వేలాడుతున్న బంపరును పైకెత్తి చూపించాడు. "ఒలే గుంటా, ఇది తీసేసినాం. ఇంకేటి తియ్యమంతావు?"

నీళ్లు వెనక చక్రాలను తాకాయి. ఈసారి మావయ్య బండి ముందు బురద తవ్వి, చెయ్యి దూర్చి, మోకును అడుగునున్న ఇనుప చట్రం ఛాసిస్‌కే కట్టాడు. నేను స్టీరింగ్ దగ్గర కూర్చున్నాను. అప్పుడు తపన్-దా నా కిటికీ దగ్గరకు వచ్చి, చెయ్యెత్తి అనుమతి అడిగే పిల్లాడిలా అన్నారు.

"దీదీ, నాకొక సందేహం. మీ రెండో లివర్ ఇప్పుడు ఎటు జరిపి ఉంది?"

చెప్పడం మరిచాను. ఇలాంటి బండ్లలో గేరు పక్కనే ఇంకో చిన్న లివర్ ఉంటుంది. మామూలు రోడ్డు మీద ఇంజను బలం వెనక చక్రాలు రెండింటికే వెళుతుంది. ఆ లివర్ జరిపితే నాలుగింటికీ వెళుతుంది. ఇలాంటి బండి కొనేదే దానికోసం. నేను పక్కకు చూశాను. లివర్ మామూలు రోడ్డు మీద నడిపేటప్పుడు ఉండే చోటే ఉంది. దానికి మా అమ్మ చేతిసంచీ వేలాడుతోంది.

సంచీ తీసి, ఎవరూ చూడలేదనుకుని లివర్ జరిపాను. అందరూ చూశారు. "హైలెస్సా!" అంది అమ్మ. బండి ఒక్కసారి వణికి, గేదె బురదలోంచి లేచినట్టు లేచి, నలుగురు లాగితే ఒడ్డెక్కేసింది. మిగతావాళ్లు తాడు వదిలేసి చూస్తూ నిలబడ్డారు. తపన్-దా బండి అయితే లివర్ జరిపి, కాస్త తోస్తే చాలు, దానంతటదే వచ్చేసింది. కాసేపటికి మేము నిలబడిన చోట గంగ పారుతోంది.

టీ కొట్టు దగ్గర అమ్మ అందరికీ పులిహోర పెట్టింది. తపన్-దా బెంచీ మీద నా పక్కనే కూర్చున్నారు. ఆయన కళ్లద్దాల మీద కూడా బురద ఉంది. నాకు అడగక తప్పలేదు.

"దాదా, ఆ లివర్ సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలుసు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంది కదా."

"మరి మీరెందుకు వేయలేదు?"

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "మీరు వేయమనలేదు కదా దీదీ. అచ్చం మీరు వచ్చినట్టే రమ్మన్నారు. మీరు వేయలేదంటే ఏదో కారణం ఉంటుందనుకున్నాను." టీ ఒక గుక్క తాగి నెమ్మదిగా అన్నారు. "వచ్చే నెల మా ఆవిడను డార్జిలింగ్ వైపు కొండల మీదికి తీసుకెళుతున్నాను. దిగుడు దారిలో ఎలా నడపాలో మిమ్మల్నే అడుగుదామనుకున్నాను."

చేతిలోని పులిహోర ముద్ద కింద పెట్టేశాను. ఆయనకు తెలియనిదేమీ లేదు. తనకు తెలిసినదాన్ని నా మాట మీద పక్కన పెట్టారు, అంతే. బురద గనక సరిపోయింది. కొండ అంచున అయితే హైలెస్సా అనడానికి ఎవరుంటారు?

"దాదా, నేను ఒక్క కొండా ఎక్కలేదు. ఈరోజు తప్ప బురదలో దిగలేదు. గ్రూపులో చెప్పినవన్నీ వీడియోల్లో చూసినవే."

తపన్-దా బురద కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. నవ్వుతున్నారు. ఏం జరిగిందో అర్థం కాకుండానే మావయ్య కూడా నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. "తెలీకపోతే తెల్దని సెప్పడానికేటే రోగం?" అంది. మళ్లీ నా చేతిలో ఇంకో ముద్ద పెట్టింది.

ఆ వారమే ఇద్దరం బండ్లు తీసుకుని మెకానిక్ దగ్గరకు వెళ్లాం. బ్రేకుల్లోంచి, చక్రాల బేరింగుల్లోంచి తట్టెడు ఒండ్రు బయటపడింది. తపన్-దా కొండదారుల్లో నడపడం నేర్పే ఒకాయన దగ్గర చేరారు. నన్ను కూడా చేర్పించారు. భార్యతో కొండలకు వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చారు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆయన తిరిగొచ్చిన రోజున నేను తలస్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని గ్రూపులో గంభీరంగా ఒక ప్రతిజ్ఞ రాశాను. "నీలవేణి అనే నేను, స్ప్రింగుల సాక్షిగా, షాక్ అబ్జార్బర్ల సాక్షిగా, తెలియని ప్రశ్నకు జవాబు చెప్పనని, చెప్పాలని నోరు ఊరినా చెప్పనని, ఎంత పెద్దవారు ఎంత వినయంగా అడిగినా చెప్పనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను."

వెంటనే తపన్-దా నుంచి సందేశం వచ్చింది. "చాలా మంచి ప్రతిజ్ఞ దీదీ. కానీ ఒక సందేహం. ఇలాంటి ప్రతిజ్ఞ చివరిదాకా నిలబెట్టుకోవడం ఎలా?"

ఫోను చేతిలోకి తీసుకున్నాను. మూడు మంచి జవాబులు వేళ్ల చివరికి వచ్చేశాయి. మూడింటినీ మింగి, ఒకే మాట టైపు చేశాను.

"తెలియదు, దాదా."