ప్రపంచాన్ని మరిచిపోయే మాస్టారు

మా సోషల్ మాస్టారి మతిమరుపుకి చరిత్ర పుస్తకాల్లో ఒక్క అధ్యాయమైనా కేటాయించకపోవడం చరిత్రకారుల ఘోరమైన లోపం. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన ఒక్కనాడూ తరగతికి ప్రపంచ పటం తెచ్చిన పాపాన పోలేదు. గొడుగు, కళ్లజోడు, మేం చెయ్యని హోంవర్కు, అన్నీ గుర్తుండేవి. ప్రపంచాన్నొక్కదాన్నే మరిచిపోయేవారు.

"అయ్యో, ప్రపంచం మళ్లీ మరిచిపోయానే" అంటూ జేబులు తడుముకునేవారు, అదేదో జేబులో పట్టే వస్తువైనట్టు. ఇక పటం అడిగి తేవడానికి పక్క తరగతి అనే "దేశానికి" మాలో ఒకరు రాయబారిగా బయల్దేరాలి. గుమ్మం దగ్గర ఆగాలి. అవతలివాళ్ల మాట పూర్తయ్యాకే నోరు విప్పాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ "దేశం" నుంచి ఒక వార్త మోసుకురావాలి. వార్త లేకపోతే పటం తెచ్చినా చెల్లదు.

ఏడాది పొడుగునా ఆ పదవి నాదే. నేనా, హాజరు పిలిస్తే పలకడానికి కూడా పక్కపిల్ల మీద ఆధారపడేదాన్ని. మొదటిరోజు పీరియడంతా ఆ గుమ్మంలో స్తంభంలా నిలబడి, ఉత్తచేతులతో వచ్చాను. తరగతి ఘొల్లుమంది. మాస్టారు మాత్రం పరమ గంభీరంగా బోర్డు మీద రాశారు: "చర్చలు కొనసాగుతున్నాయి."

నాలుగోరోజుకి నా నోట "పటం" అన్న ఒక్క మాట ఊడిపడింది. పక్క తరగతి లెక్కల టీచరుగారు పటం చేతిలో పెడుతూ, "మీ మాస్టారికి ఇంటిదారైనా గుర్తుంటుందా?" అన్నారు. అదే నా తొలి వార్త. ఉన్నదున్నట్టు అప్పజెప్పాను.

"విదేశాంగ శాఖ పరిశీలిస్తుంది" అన్నారు మాస్టారు. తరగతి మళ్లీ ఘొల్లుమంది. ఈసారి ఆ నవ్వులో నా గొంతూ ఉంది. పరీక్షల నాటికి నా వార్తలు అయ్యేసరికి పాఠానికి టైము మిగిలేది కాదు.

ఇప్పుడదే గదిలో నేను సోషల్ చెబుతున్నాను. ఆయన రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. గంట కొట్టగానే నా కళ్లు గుమ్మం వైపు పోతాయి, జేబులు తడుముకుంటూ వస్తారేమోనని. వార్తలు బోలెడు పోగుపడ్డాయి. అడిగేవారే లేరు.

మొన్న ఆయన బీరువా తాళం నా చేతికొచ్చింది. పై అరలో చుట్టిన ప్రపంచ పటం. దాని మీద బడి ముద్ర, తేదీ. నేనీ బడిలో చదువుకి చేరకముందుది. కట్టిన దారం ముడి ఎవరూ విప్పలేదు.

నేనూ విప్పలేదు. చివరి బెంచీలో తలొంచుకుని కూర్చునే పిల్లను చూస్తూ హ్యాండ్‌బ్యాగు తడుముకున్నాను.

"ప్రపంచం మరిచిపోయానమ్మా. పక్క తరగతికి వెళ్లొస్తావా?"

వెళ్లింది. పీరియడ్ అయ్యాక ఉత్తచేతులతో వచ్చింది. నేను సుద్దముక్క అందుకున్నాను.