మాస్టారి ముఖాన కొబ్బరాకు నీడ

ఒక పెద్దమనిషి ముఖాన్ని నాగలి లేకుండా దున్నేసిన ఘనత నాది. ఆ వైనం చెప్పేముందు తేలిన సంగతినీ, చెవిన పడిన సంగతినీ వేరు చేయాలి. దేవదానం మాస్టారి విగ్రహం మా బడి వరండాలో ఉన్నది, దాని మూలరూపం కంప్యూటరులో నేనే మలిచాను. ఇవి నిజాలు. ఆ రూపాన్ని మొదటిసారి చూసి మాస్టారి భార్య టీచరమ్మ గారు స్పృహ తప్పారన్నది పుకారు. ఆవిడ స్పృహలోనే ఉన్నారు. ఉన్నారు కనుకనే అన్ని మాటలన్నారు.

రెండువేల దశకం నడుమ మాట ఇది. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ, హైదరాబాదులో నేర్చుకున్న డిజిటల్ శిల్పవిద్య, రెండూ కలిసి తలకెక్కగా అమలాపురంలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. రాజోలు దగ్గర మా ఊరి హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన దేవదానం మాస్టారు ఆ ఏడే రిటైరయ్యారు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే నా సహాధ్యాయి సత్తిబాబు, బడిలో ఆయన విగ్రహం పెట్టించి తీరాలని పట్టుపట్టాడు. మాస్టారిది ఒకటే మాట: "బతికున్నవాడికి విగ్రహమేంట్రా? కుదరదు." ఎంతో బతిమాలితే, ముందు బొమ్మ చూపిస్తే ఆలోచిస్తానన్నారు. సత్తిబాబు ఆశంతా ఆ బొమ్మ మీదే నిలిచింది.

"కొత్తపేటలో శిల్పి ఉన్నాడు కదరా, మట్టితో చేసి చూపిస్తాడు," అన్నాడు వాడు.

"శిల్పి ఊహిస్తాడు. నేను కొలుస్తాను," అన్నాను. ఆ వయసులో అద్దంలో కనిపించే నా ముఖాన్ని కూడా రుజువు అడిగేవాణ్ణి లెండి.

ఫొటో అనగానే పౌడరు పూయడం మా వైపు తప్పని తంతు. టీచరమ్మ గారు గోడకు సున్నం వేసినంత శ్రద్ధగా ఆయనకు పౌడరు పూసి, పెరట్లో కొబ్బరిచెట్ల కింద కుర్చీ వేశారు. కోనసీమలో ఎండ నేరుగా దిగదు. ఆకుల సందుల్లోంచి చారలు చారలుగా దిగుతుంది. పుట్టినప్పటినుంచీ ఆ చారల్లోనే తిరిగిన కళ్లకు అవి కనిపించవు. మాస్టారి ముక్కును స్కేలుతో కొలిచిన ఈ మహానుభావుడికీ కనిపించలేదు.

అక్కడ తీసిన ఫొటోను, కొలతలతో కంప్యూటరులో మలిచిన తలకు తొడుగులా చుట్టాను. దాన్ని టెక్స్చర్ అంటారు. అంతటితో ఆగానా? ముడతలు కూడా సాక్ష్యంతో రావాలని, అదే ఫొటోను ఎత్తుపల్లాల పటంగా కూడా ఇచ్చాను. అప్పుడు యంత్రం తెల్లగా ఉన్నచోట ఉబ్బిస్తుంది, నల్లగా ఉన్నచోట తవ్వుతుంది. ఆ తవ్వకం పని జరిగేటప్పుడు కనిపించదు. చివర బొమ్మ రెండరయ్యేటప్పుడే, అంటే పూర్తిరూపం తెర మీదికి దిగేటప్పుడే, బయటపడుతుంది. ఆ ముహూర్తానికే అందరినీ నా గదికి పిలిచాను.

తెర మీద బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగసాగింది.

"జుట్టు అచ్చం మీదేనండి మాస్టారూ," సత్తిబాబు మురిసిపోయాడు.

నుదురు దిగింది.

"అదేంటి బాబూ, దుక్కి దున్నినట్టుంది?" అన్నారు టీచరమ్మ గారు.

"ముడతలండి."

"ఇన్నేళ్ల కాపురంలో నాకు కనపడని ముడతలు నీ కంప్యూటరుకి కనపడ్డాయా?"

"యంత్రం కన్ను సూక్ష్మమండి."

ముక్కు దిగింది. పౌడరు పుణ్యమా అని అది నూనెలో పొంగిన బూరెలా ఉంది. ఆ వెనకే బుగ్గ, పుట్టుమచ్చ ఉండవలసిన చోట బెజ్జం!

"ఆయనకి బుగ్గ మీద మచ్చ బాబూ, చిల్లు కాదు. చిల్లే అయితే ఇన్నాళ్లూ నేనిచ్చిన కాఫీ ఎక్కడికెళ్లినట్టు?"

"ఒరేయ్, ఆపరా," సత్తిబాబు నా చొక్కా లాగాడు.

నేను ఆపలేదు. "లెక్క తప్పలేదండి. తెలుపు ఎత్తు, నలుపు లోతు. యంత్రం అబద్ధమాడదు!"

మాస్టారు కళ్లజోడు సవరించుకుని, బల్ల మీది ఫొటోనూ తెరనూ మార్చి మార్చి చూశారు. "ఈ గాట్లన్నీ కొబ్బరాకు నీడ కాదురా?"

నేను ఫొటో అందుకుని వెలుతురుకి పట్టాను.

"నీడకి లోతెంతరా? నీకు గ్రహణం పాఠం చెప్పింది నేనేనా?"

"ఆయ్, మీరేనండి."

సత్తిబాబు తల పట్టుకున్నాడు. మాస్టారు ఇంకాసేపు బొమ్మను చూసి, "సరే, ఇది పెట్టుకోండి," అన్నారు.

"ఇదాండీ?"

"బతికున్నవాడికి వద్దన్నాను. ఇతనెవరో నాకు తెలీదు. నాకేం అభ్యంతరం?"

నా శాస్త్రానికి ఇంతకంటే అవమానముందా? పౌడరు తుడిపించి, చర్చి హాల్లో సమానమైన వెలుతురులో ఫొటోలు తీసి, ముడతలు చేత్తో మలిచి మళ్లీ చేశాను. అచ్చుగుద్దినట్టు వచ్చింది. మాస్టారు ఒక్కసారి చూశారు. "ఇది నేనేరా. కుదరదు."

"నీకు దణ్ణం పెడతాను, ఇంక బాగుచెయ్యకు!" అన్నాడు సత్తిబాబు. దున్నిన ముఖాన్నే పట్టుకెళ్లి కొత్తపేట శిల్పికిచ్చాడు. ఆయన ఒక్క చాలు కూడా వదలకుండా దించాడు.

క్షమాపణ చెప్పమన్నవారికి నేనిప్పటికీ చెప్పేది ఒక్కటే: చెప్పను. నా లెక్క సరైనదే. సాక్ష్యమిచ్చిన ఎండే అబద్ధమాడింది. అయినా సకల కొబ్బరిచెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ మనిషినీ ముందుగా చెట్టు కిందనుంచి లేపకుండా ఫొటో తీయను.

ఒక ప్రశ్న మాత్రం తేలలేదు. మాస్టారు రిటైరయ్యాక బడిలో చేరిన పిల్లలు, ఆయన్ను ఎన్నడూ చూడనివాళ్లు, బజారులో ఎదురుపడగానే "విగ్రహం మాస్టారండోయ్!" అని గుర్తుపట్టేస్తున్నారు. ఇది నా కళ్లతో చూశాను. ఆ గాట్లలో వాళ్లకు ఆయన ఎలా కనిపిస్తున్నారు? తేల్చాలంటే సరైన బొమ్మను కూడా వాళ్లకు చూపి పోల్చాలి. దాన్ని మాస్టారు కాదన్న రోజే, కోపంతో, నేను చెరిపేశాను.