ఎడమ కాలికి పనిలేని కారు

గేరు మార్చనివాడిది డ్రైవింగే కాదని తార్నాకలో కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. పాత కారు అమ్మేసి కొత్తది కొందామనుకున్నప్పుడూ అదే పాట పాడాను. మా ఆవిడ యూనివర్సిటీలో పనిచేస్తుంది. రోజూ నేనే దింపి వచ్చేవాణ్ణి. ఇకమీదట తనే నడుపుకుంటూ వెళ్తానని, అందుకు ఆటోమేటిక్ కావాలని పట్టుబట్టింది.

"మాన్యువల్ అయితే బండి మన చేతిల ఉంటది," అన్నాను.

"ఇగ రోజూ ఆ ట్రాఫిక్‌ల నడిపేది నేను. మీ చేతిల ఎందుకు?" అంది.

తను క్లచ్చంటేనే భయపడేలా చేసింది నేనే. క్యాంపస్ రోడ్ల మీద పొద్దున్నే నేర్పేటప్పుడు, బండి ఆగిపోయినప్పుడల్లా వాకింగ్‌కొచ్చినవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అరిచాను. ఆ రోజు దిగిపోయిన మనిషి చాలా ఏళ్లు స్టీరింగ్ ముట్టలేదు. ఈమధ్యే నాకు చెప్పకుండా డ్రైవింగ్ స్కూల్లో చేరి ఆటోమేటిక్ మీద నేర్చుకుంది.

చివరికి ఆమె మాటే నెగ్గింది. గుడి ముందు బండిపూజ చేయించాం. పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తను తాళం కోసం చెయ్యి చాపింది.

"నిమ్మకాయల మీదికెల్లి మెల్లగ పోవాలె. నీతోని కాదు," అన్నాను, మా అపార్ట్‌మెంట్ వాళ్లందరూ వింటుండగా. ఎడమ కాలు వాడొద్దని షోరూమ్‌లో చెప్పింది నేను చెవికెక్కించుకోలేదు.

తాళం నేనే తీసుకుని ఎక్కాను. బండి కదలగానే అలవాటుకొద్దీ ఎడమ కాలితో క్లచ్ తొక్కాను. అక్కడున్నది బ్రేకు. కారు కుదుపుతో ఆగింది. బానెట్ మీది కొబ్బరిచిప్పలు దొర్లి కింద పడ్డాయి. మళ్లీ తీశాను. మళ్లీ అంతే. ఎవరో కిసుక్కున నవ్వారు.

"బండిలనే ఏదో తేడా ఉన్నది. వాపస్ ఇచ్చేద్దాం," అన్నాను దిగుతూ.

మా ఆవిడ నా చేతిలోంచి తాళం తీసుకుంది. చెప్పులు విడిచి, ఎక్కి కూర్చుంది. నిమ్మకాయలు చప్పుడు లేకుండా నలిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

పక్క సీట్లో కూర్చున్నాను. ఇంటికి వెళ్తామనుకుంటే, కారును క్యాంపస్‌లోకి తిప్పింది. ఖాళీ రోడ్డు మీద ఆపి, దిగి వచ్చి నావైపు తలుపు తీసింది.

"అటు స్టీరింగ్ ముందట కూసోండ్రి. ఎడమ కాలు వెనక్కి మలుచుకోండ్రి."

నేను అరిచిన రోడ్డే అది. కూర్చున్నాను. బండి తీయగానే పాడు కాలు మళ్లీ ముందుకొచ్చింది. కారు ఎగిరిపడి ఆగింది. నడిచి వెళ్తున్న పెద్దాయన ఒకరు తిరిగి చూశారు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టీరింగ్ వైపే చూస్తూ, వినాల్సిన మాటల కోసం ఎదురుచూశాను.

"ఏం కాదు," అంది మెల్లగా. "భయపడకుండ్రి. మొదట్ల అందరికీ గిట్లనే అయితది."

ఆవిడ ఒక్కసారి అరిచినా బాగుండేది.