ఒకే నంబరు, ఇద్దరు రోగులు

2023 ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక డయాలసిస్ సెంటర్ నన్ను పిలిపించింది. ఎల్బీనగర్‌లో వాళ్లకు మరో బ్రాంచి ఉంది. రెండు చోట్లా రోగులకిచ్చే స్లాట్లు, అంటే మిషన్ మీద వాళ్ల వంతు సమయాలు, ఒకే డేటాబేస్‌లో ఉండేవి. దాని కోసం దిల్‌సుఖ్‌నగర్‌లోనే రెండు సర్వర్లు. అవి పనిచేస్తున్నాయో లేదో కనిపెట్టి చూసేది మానిటరింగ్. ఒకటి పడిపోతే రెండోది పని అందుకోవడం ఫెయిలోవర్. ఈ రెండూ సరిగ్గా అమర్చడం డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా నా పని.

మేనేజర్ సుధాకర్ గారు గది తలుపు వేసి అసలు సంగతి చెప్పారు. కొన్ని బుకింగులు మాయమవుతున్నాయి. రోగి వచ్చేసరికి ఆ స్లాట్‌లో ఇంకొకరి పేరు ఉంటోంది. పోయినవన్నీ కౌంటర్‌లో కూర్చునే శైలజ చేసినవే. ఆమె స్లాట్లు అమ్ముకుంటోందని ఆయన అనుమానం.

"సర్వర్ పని ఉందని అందరికీ చెప్పిన మేడమ్. మీరు లాగ్స్ చూసి ఆమె పేరు రాసియ్యండి, చాలు," అన్నారు.

శైలజను గమనించడం మొదలుపెట్టాను. భీమవరం వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడిన కుటుంబం. నేను దగ్గరికెళితే మాట ఆపేసేది, ఫోన్ బోర్లా పెట్టేది. అవి చూసి నాకూ అనుమానం బలపడింది. లాగ్స్, అంటే సర్వర్ తాను చేసిన ప్రతి పనీ రాసుకునే ఫైళ్లు, మొత్తం వెతికాను. బుకింగ్ తీసేసినట్టు ఎక్కడా లేదు. దాంతో అనుమానం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఆనవాలు కూడా మిగల్చలేదంటే ఆమెకు లోపలివాళ్ల సాయం ఉండాలి. ఈ సర్వర్లు పెట్టి ఉద్యోగం మానేసిన ఇంజినీరుతో ఆమె బాగా మాట్లాడేదని ఎవరో అన్నారు. అతణ్ణీ లెక్కలో వేసుకున్నాను.

మర్నాడు తుర్కయంజాల్ నుంచి యాదగిరి అనే ఆటో డ్రైవర్ భార్యను తీసుకొచ్చాడు. ఆమె కాళ్లు ఉబ్బి ఉన్నాయి, ఊపిరి అందడం లేదు. కంప్యూటర్‌లో ఆమె పేరు లేదు.

"నిన్న నువ్వే గదా రాసింది. గిప్పుడు లేదంటే ఎట్ల? ఎవరికి అమ్ముకున్నవు మా జాగ?" అని అందరి ముందూ అడిగాడు.

"నేనే రాశానండీ. ఎలా పోయిందో నాకూ తెలియట్లేదు," అంది శైలజ. స్క్రీన్ మీద అదే పేజీ మళ్లీ మళ్లీ తెరిచింది. అది భయమో దొంగతనం బయటపడిన కంగారో నాకు అర్థం కాలేదు.

నర్సు ఆ అమ్మను అత్యవసరం కోసం ఉంచిన మిషన్ మీదికి తీసుకెళ్లింది. నేను యాదగిరి ఫోన్ అడిగి తీసుకుని మెసేజ్ చూశాను. బుకింగ్ నంబరు ఉంది. కంప్యూటర్‌లో అదే నంబరు మీద ఇంకొకరి పేరుంది. శైలజే పేరు మార్చేసిందనుకున్నాను మొదట. కానీ ఆ రెండో బుకింగ్ చేసింది ఎల్బీనగర్ కౌంటర్.

అక్కడ ఆగి ఆలోచించాను. ఎవరైనా బుకింగ్ తీసేస్తే దాని నంబరు ఖాళీగా మిగిలిపోతుంది, కంప్యూటర్ తర్వాతి నంబరుకు వెళుతుంది. ఒకే నంబరు రెండుసార్లు పుట్టిందంటే లెక్కపెట్టినవి రెండు కంప్యూటర్లు.

ఈసారి రెండు సర్వర్ల లాగ్స్ పక్కపక్కన పెట్టి చదివాను. ముందురోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సర్వర్లకు యూపీఎస్ ఉంది, వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కు లేదు. జనరేటర్ అందుకునేలోపు స్విచ్ ఆగింది. మొదటి సర్వర్ నుంచి జవాబు రాకపోయేసరికి అది చచ్చిపోయిందనుకుని, రెండోదాని మీదే నడిచే మానిటరింగ్ ఆ రెండోదానికి పెత్తనం ఇచ్చేసింది. రెండోది మొదటిదాన్ని చూసి నకలు రాసుకుంటుంది, కానీ మధ్యాహ్నం రిపోర్టులు నడిచే వేళ కొన్ని నిమిషాలు వెనకబడి ఉండేది. ఆ నిమిషాల్లో చేసిన బుకింగులు దానికి తెలియవు. తర్వాత మొదటిది తిరిగొచ్చి, కొత్త పెద్దతో సరిపోలడానికి తన దగ్గర ఎక్కువున్నవి చెరిపేసుకుంది. అంతకుముందు మధ్యాహ్నాలు కరెంటు పోయినప్పుడూ ఇదే జరిగింది. మధ్యాహ్నం బుకింగులు దాదాపు అన్నీ శైలజ చేతి మీదుగా జరిగేవి కాబట్టి పోయినవీ ఆమెవే. ఇలా జరిగిందని హెచ్చరించే మెయిళ్లు ఉద్యోగం మానేసిన ఇంజినీరు మెయిల్‌బాక్స్‌కు పోతున్నాయి.

సుధాకర్ గారు అంతా విని, "ఆమె మీకు ముందే తెలుసా మేడమ్?" అన్నారు. ఇప్పుడు అనుమానం నా మీద.

ఆదివారం మధ్యాహ్నం, రోగులు లేని వేళ, ఆయన్నే కౌంటర్‌లో కూర్చోబెట్టాను. రిపోర్టు నడుస్తుండగా తన పేరు మీదే స్లాట్ రాయమన్నాను. ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. స్విచ్ తీగ పీకి, కాసేపాగి మళ్లీ పెట్టాను. స్క్రీన్ తిరిగొచ్చింది. ఆయన పేరు లేదు. ఆయన మెసేజ్ చూశారు, స్క్రీన్ చూశారు, పక్కనే నిలబడ్డ శైలజ వైపు మాత్రం చాలాసేపు చూడలేకపోయారు.

రెండో సర్వర్ కూడా రాసుకున్నాకే బుకింగ్ ఖాయమయ్యేలా మార్చాను. సర్వర్ పడిపోయిందని తేల్చడానికి సాక్షిగా మూడో యంత్రం పెట్టాను. స్విచ్‌కు యూపీఎస్ పెట్టించాను. హెచ్చరికలు మేనేజర్‌కూ రెండు కౌంటర్లకూ వెళ్లేలా చేశాను. తప్పు శైలజది కాదని, సర్వర్లదని యాదగిరికి సుధాకర్ గారే ఫోన్ చేసి చెప్పారు. మళ్లీ వచ్చినప్పుడు అతను కౌంటర్ దగ్గర వంగి, "పరేషాన్‌ల ఏదో అన్న అమ్మా," అన్నాడు. శైలజ తల ఊపి, అతని భార్య స్లాట్ రాసింది.

పని ముగించుకుని వెళుతుంటే ఆమె నాతో పాటు మెట్ల దాకా వచ్చింది.

"ఆ నంబరు ఇంకొకరికి వెళ్లకుండా ఖాళీగా ఉండుంటే నా పేరే రాసిచ్చేవారు కదండీ?"

"రాసేదాన్నేమో," అన్నాను.

కౌంటర్ దగ్గర ఎవరో పిలిస్తే ఆమె వెనక్కి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎక్కడికి పిలిచినా, ఎవరు తీసేశారో వెతకమంటే, పోయిందంటున్నది అసలు రెండు సర్వర్లలోనూ రాసి ఉందా అని ముందు చూస్తాను. అది తేలేదాకా మనిషి పేరు అడగను, ఎవరైనా చెప్పబోయినా ఆపుతాను. ఒకసారి పేరు చెవిన పడితే, ఆ మనిషి ఫోన్ బోర్లా పెట్టడం కూడా నేరంలాగే కనిపిస్తుంది.