తుంటి ఎముకకి ముహూర్తం

మా సైన్స్ టీచరుగారు పోయారు. పాడ్యమి నాడు పొద్దున, అవనిగడ్డలో, తమ్ముడిగారింట్లో. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో "డెబ్భై ఒకటో ఏట వయోభారంతో ప్రశాంతంగా కన్నుమూశారు" అని పెట్టారు. దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. నాకు ఒళ్ళు మండిపోయింది. వయోభారం కాదు, ప్రశాంతంగా అసలే కాదు. ఆవిడ తుంటి ఎముక విరిగి, తొమ్మిది రోజులు కదలకుండా మంచం మీద పడుకుని, మంచిరోజు కోసం ఎదురుచూస్తూ పోయారు. ఆ మాట ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

బంటుమిల్లి దగ్గర మా హైస్కూల్లో ఆవిడ మాకు మూడేళ్ళు పాఠాలు చెప్పారు. స్కూల్లో అస్థిపంజరం బొమ్మ కూడా లేదు. మటన్ కొట్టు నుంచి మేక ఎముకలు తెచ్చి, ఉడకబెట్టి, తోమి, టిఫిన్ క్యారియర్లో పట్టుకొచ్చేవారు. మధ్యాహ్నం ఆ క్యారియర్ చూసి మోసపోయిన లెక్కల మాస్టారు ఒకాయన వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కోడికాలి ఎముకని వెనిగర్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక మా కళ్ళముందే రబ్బరులా వంచేవారు. "సున్నం పోతే ఇలా అవుతుంది. ఎముకంటే రాయి అనుకున్నారా? లోపల రక్తం పారుతుందిరా, అది బతికున్న వస్తువు. పని చెప్పకపోతే అది కూడా సోమరిదైపోతుంది" అనేవారు.

అల్లరి చేస్తే చెవి మెలిపెట్టేవారు. మెలిపెడుతూనే పాఠం. "ఇంత తిప్పినా విరగలేదెందుకు? చెప్పు! మృదులాస్థి కాబట్టి. దీనికి రక్తనాళాలుండవు, అందుకే దెబ్బ తగిలితే తొందరగా మానదు. కాబట్టి నా చేత ఎక్కువ తిప్పించుకోకు." సముద్రం వైపు ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఒకసారి చిన్న సొరపిల్లని తెచ్చిస్తే, దాన్ని కోసి, దీని ఒంట్లో ఒక్క ఎముకైనా చూపించమని మా అందరికీ సవాలు విసిరారు. గంటసేపు వెతికాం. ఒక్కటీ దొరకలేదు, అంతా మృదులాస్థే. చేతులకి అంటిన ఆ నీచు వాసన రెండు రోజులు పోలేదు గానీ పాఠం ఇప్పటికీ గుర్తుంది.

నేను ఎనిమిదో తరగతిలో సైకిల్ మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. మా నాయనమ్మ పసరు కట్టు కట్టేవాడికి కబురు పంపింది. ఈ సంగతి ఎవరు చెప్పారో, టీచరుగారు మా ఇంటికి వచ్చేశారు.

"అమ్మాయిని బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నానండీ" అన్నారు.

"కట్టేవాడొస్తున్నాడమ్మా. మా ఇంట్లో అందరికీ వాడే కట్టాడు" అంది నాయనమ్మ.

"ఇది పెరిగే పిల్లండీ. ఎముక చివర ఇంకా మృదులాస్థే ఉంటుంది. చెయ్యి పొడుగు పెరగాల్సింది అక్కణ్ణించే. అది వంకరగా అతికితే జీవితాంతం వంకరే."

"వాళ్ళ నాన్న రానీ, అడిగి..."

"నేను అడగడానికి రాలేదండీ. తీసుకెళ్ళడానికొచ్చాను."

చున్నీతో చెయ్యి మెడకి కట్టి, బస్సెక్కించారు. నాయనమ్మ వీధి చివరిదాకా తిడుతూనే వచ్చింది. ఇవాళ నా చెయ్యి తిన్నగా ఉంది. గుడివాడలో ఫిజియోథెరపిస్టుగా ఆ చేత్తోనే నలుగురి కీళ్ళూ వంచి బతుకుతున్నాను.

రిటైరయ్యాక తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడా ఊరుకోలేదు. రోజూ పొద్దున ఎండలో కాలవగట్టు మీద నడిచేవారు. దారిలో కనిపించిన ఆడవాళ్ళందరినీ ఆపేవారు. "నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారిపోతాయే. పాలన్నీ మొగుడికీ కొడుక్కీ పోసేసి నువ్వు గిన్నె కడిగిన నీళ్ళు తాగకు." వాళ్ళు నవ్వేవాళ్ళు. ఎముకల టీచరమ్మ వస్తోందని పక్క సందులోకి తప్పుకునేవాళ్ళు కూడా.

సప్తమి, శుక్రవారం నాడు, పెరట్లో పంపు దగ్గర నాచు మీద కాలు జారింది. బందరు తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, రెండు రోజుల్లో ఆపరేషన్ చేయాలన్నారు డాక్టరు. ఇంట్లోవాళ్ళు అక్కణ్ణించి తిన్నగా ఇంటికి తెచ్చేశారు. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడ కాలికి తాడు కట్టి, మంచం చివర్నించి ఇటుకలు వేలాడదీసి ఉన్నాయి.

నన్ను చూడగానే, "నువ్వైనా చెప్పవే వీళ్ళకి" అన్నారు. నొప్పితో పెదాలు పాలిపోయాయి. "తొడ ఎముక మెడ విరిగింది. పైన బంతికి రక్తం అందదు. నేనిలా పడుకుంటే ఊపిరితిత్తులు పట్టేస్తాయి. ఎదురు చూసే దెబ్బ కాదే ఇది."

తమ్ముడుగారు నన్ను వరండాలోకి పిలిచారు. ఆయనని నేను బాబాయిగారనే పిలుస్తాను. చేతిలో పంచాంగం ఉంది.

"బాబాయిగారూ, రెండు రోజుల్లో చెయ్యాలన్నారు కదండీ" అన్నాను.

"అన్నారమ్మా. కానీ ఇవాళ అష్టమి, రేపు నవమి. దశమికి అక్కయ్య నక్షత్రానికి తారాబలం లేదంట. తర్వాత మంగళవారం. ఆ పై రోజులకీ బలం లేదంట, ఈలోపు అమావాస్య వచ్చేస్తుంది. విదియ సోమవారం బ్రహ్మాండంగా ఉందన్నారు. ప్రాణంతో పనమ్మా, ఏదో ఒక రోజు చేయించేస్తే ఎలా?"

"టీచరుగారు కూడా తొందరగా..."

"నొప్పికి ఏదో అంటుందిలే. కాఫీ తీసుకో."

జీవితమంతా ఎముకల గురించే చెప్పిన మనిషి లోపల మంచం మీద ఉంది. ఆ ఇంట్లో పంచాంగాన్ని అడిగారు, పురోహితుణ్ణి అడిగారు, వియ్యంకుణ్ణి కూడా ఫోన్ చేసి అడిగారు. ఆవిణ్ణి మాత్రం అడగలేదు.

మరి నేనేం చేశాను? కాఫీ తాగాను. పెద్దవాళ్ళు, వాళ్ళ ఇంటి విషయం, నేనెవర్ని అనుకున్నాను. లోపలికెళ్ళి, "విదియ సోమవారం చేయిస్తారటండీ" అని ఆవిడతో చెప్పాను. ఆవిడ నా వంక చూసి, మొహం గోడ వైపు తిప్పుకున్నారు. గుడివాడ బస్సెక్కి వచ్చేశాను. నాయనమ్మ నోటికి భయపడకుండా ఆవిడ నన్ను బస్సెక్కించారు. నేను ఒక కప్పు కాఫీకి మొహమాటపడ్డాను. ఆ పంచాంగం మీద ఎంత కోపముందో నా మీద నాకు అంతకు రెట్టింపు ఉంది. ఈ కోపం తగ్గాలని నేను కోరుకోవడం లేదు.

అమావాస్య నాటికి ఆయాసం మొదలైందట. పాడ్యమి పొద్దున పోయారు. ముహూర్తం మర్నాడే.

మూడో రోజు అస్థికలు కలపడానికి హంసలదీవి వెళ్ళాం. రెండు కార్లు మాట్లాడారు. తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ తయారు. తొమ్మిది దాటితే మంచిది కాదని పురోహితుడు దారి పొడుగునా డ్రైవర్ని తరుముతూనే ఉన్నాడు. కృష్ణ సముద్రంలో కలిసేచోట బాబాయిగారు కుండ పట్టుకుని నీళ్ళలోకి దిగారు. ఆయన చెడ్డవాడు కాదు. అక్కయ్యంటే ప్రాణం. మూడు రోజుల్నించి అన్నం ముట్టలేదు.

"ఆలస్యం చేయకూడదమ్మా" అన్నారు వెనక్కి తిరిగి, నాతోనే. "ఎముకలు ఇంటి దగ్గర ఉంచుకోకూడదు."

అప్పుడొచ్చింది నాకు నోరు.

"తొమ్మిది రోజులు ఉంచారు కదండీ బాబాయిగారూ" అన్నాను. "విరిగినవి."

ఆయన మోకాలి లోతు నీళ్ళలో, ఎర్రగుడ్డ కట్టిన కుండని రెండు చేతులా గుండెకి అదుముకుని నిలబడ్డారు. అలలకి పంచె కాళ్ళకి చుట్టుకుంటోంది. "కానివ్వండి బాబూ, టైము దాటిపోతోంది" అన్నాడు పురోహితుడు. మళ్ళీ అన్నాడు. బాబాయిగారు కుండ వదల్లేదు.