పెద్ద రెక్క కావాలన్న మనిషి

మా ఆవిడ యాసంగి కోతల్లో పోయింది. సూర్యాపేటలో, దవాఖానలో, తెల్లవారుతుండగా. గుండె జబ్బు. కబురు ఆలస్యంగా తెలిసినవాళ్లు ఇంకా ఫోన్ చేస్తున్నారు. అందరికీ ఇంతే చెబుతున్నాను. మిగతాది రాయడమే సులువు.

మీలో చాలామందికి ఆమె ఫిజిక్స్ మేడమ్. ఆమె విమానం ఎగరేసేదని కొందరికే తెలుసు. విమానమంటే ఫోమ్‌తో చేసిన ఒక పెద్ద రెక్క, అంతే. తోక ఉండదు, చక్రాలుండవు. ముక్కులో కెమెరా, వెనక ఫ్యాను. అది పైనుంచి చూసేదంతా రిమోట్‌కు బిగించిన చిన్న తెర మీద కనిపిస్తుంది.

అది ఎందుకు కావలసి వచ్చిందంటే, గొర్ల వల్ల. ఆమె పుట్టిల్లు మోతె దగ్గర. తండ్రి మంద కాసేవాడు, ఇప్పుడు తమ్ముడు కాస్తున్నాడు. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం మందను పిలిచి పొలంలో పండబెట్టించుకుంటారు. చుట్టూ వల కట్టి, రోజూ కొంచెం జరుపుతారు. మంద పండిన చోట తర్వాతి పంట ముదురు పచ్చగా లేస్తుంది. గట్టు మీద నిలబడితే అంతగా తెలియదు. చిన్నప్పుడు ఒకసారి తండ్రి ఆమెను వేపచెట్టు ఎక్కించి చూపించాడట, "అగో బిడ్డా, మనోళ్లు పండిన జాగ" అని. పైరు మధ్య నలుపలకల మచ్చ. అలాంటివన్నీ ఒక్కసారి పైనుంచి చూడాలని ఆమె కోరిక. ఎన్నో ఏళ్ల తర్వాత కూడా చెట్టెక్కిన పిల్లలాగే చెప్పేది.

కోదాడలో పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఆయనకు ఈ విమానాల సరదా ఉందని విని ఇద్దరం వెళ్లాం.

"డ్రోన్ తీసుకోండి మేడమ్ గారూ. గాల్లో ఒకచోట ఆగుతుంది, హాయిగా చూసుకోవచ్చు" అన్నాడాయన.

"ఆగి ఏం సూడాలె సార్? మంద పోయినట్టు మెల్లగ పోవాలె. అది జుయ్యిమని మొత్తుకుంటది గూడ. గొర్లు బెదురుతయ్."

ఆయన రెండు రెక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిన్నది చురుకైనది, స్కూటీ మీద ఇమిడిపోతుంది. పెద్దది మనిషి కంటే పొడుగు. నెమ్మదిగా పోతుంది, గాలికి తొణకదు, పెద్ద బ్యాటరీని, మంచి కెమెరాను మోస్తుంది. మోటారు ఆపినా చాలాసేపు తేలుతుంది. కానీ రెండు ముక్కలుగా విప్పినా బైకు మీద కష్టమే.

నాకు కుదురు తక్కువ. నౌకరీ మిర్యాలగూడలో, ఆదివారం కూడా ఏదో ఒక పని మీద బయటే. ఆ రోజు కూడా షాపులోకి, బయటికి తిరుగుతూనే ఉన్నాను.

"చిన్నదే తీస్కోరాదు. పెద్దదాన్ని ఎట్ల మోస్తవ్?" అన్నాను.

"నేనెందుకు మోస్త? నువ్వు మోస్తవ్."

పెద్దదే తీసుకుంది.

మొదటిసారి మోతె బీడులో ఎగరేసినప్పుడు దాని నీడ మంద మీదుగా పోయింది. అంతే. గద్ద అనుకున్నాయో ఏమో, మంద మొత్తం పక్కనున్న పత్తిచేన్లో పడింది. పత్తిచేను ఆయన గొంతు ఊరంతా వినిపించింది.

"అక్కా, దింపే నీ గద్దను! ఆయన నన్ను సంపుతడు!" అని మా బామ్మర్ది ఒకటే ఉరుకుడు.

ఆమె దింపింది. నవ్వలేదు, కోప్పడలేదు. "కొత్త కుక్కను మందకు ఎట్ల అలవాటు జేస్తవ్ రా?" అని తమ్ముణ్ణి అడిగింది. కొన్నాళ్లు మందలోనే కట్టేస్తామన్నాడు. అయితే దీన్నీ కట్టెయ్ అంది. రెక్కను వలకు ఆనించి మంద మధ్యలో పెట్టి వచ్చాం. మళ్లీ పోయేసరికి ఒక పొట్టేలు రెక్క కొసను కొరికి పెట్టింది. ఆమె టేపు అంటించింది. ఆ తర్వాత నీడ పడితే గొర్లు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడేవి.

ఎగరేసే ముందు ప్రతిసారీ రెక్కను రెండు వేళ్ల మీద నిలిపి చూసేది. నేను తొందరపెడితే, "బరువు యాడుందో తెలిస్తె సాలు. ఎంతున్నా పర్వాలే" అనేది. తర్వాత నేను ముందుకు వెళ్లి రెక్కను రెండు చేతులతో తలపైకెత్తి నిలబడేవాణ్ణి. ఆమె వెనక రిమోట్ పట్టుకుని గాలి కోసం చూసేది. "ఊఁ" అన్నప్పుడే విసరాలి. ఆ ఊఁ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. జీవితంలో నేను కదలకుండా నిలబడింది అక్కడే.

మచ్చలు మాత్రం ఆమె చూడలేదు. పోయిన వానాకాలం పైరు పచ్చబడే వేళకు వానలు తెరిపి ఇవ్వలేదు. తర్వాత ఆమెకు బాగాలేదు.

ఇప్పుడు ఇంట్లో కూర్చోలేను. ముందుగదిలో గోడకు ఆనించి ఆ రెక్క. కూర్చుంటాను, చూస్తాను, లేస్తాను. సెలవు రోజున మిర్యాలగూడ బస్సెక్కి, అక్కడ చాయ్ తాగి, అదే బస్సులో తిరిగొచ్చిన రోజులున్నాయి. చివరికి రెక్కను చీరలో చుట్టి కోదాడ తీసుకెళ్లాను. ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాను.

ఆయన విప్పి చూశాడు. "ఇదేంటండీ, ఎలుక కొరికిందా?"

"పొట్టేలు."

ఆయన నవ్వబోయి ఆగాడు. టేపును వేలితో నిమిరాడు. "ఆ రోజు మీకు ఫోనొచ్చి బయటికెళ్లారు కదండీ. మేడమ్ గారు చిన్నదాన్ని ఎత్తి చూశారు. 'దీన్ని నేనొక్కదాన్నే ఇసురుకోవచ్చా సార్' అన్నారు. విసురుకోవచ్చండీ, పెద్దదానికైతే ఇంకో మనిషి ఉండాలి అన్నాను. 'అయితే పెద్దదే ఇయ్యిండ్రి. మా ఆయన ఆదివారం ఇగ యాడికి పోతడో సూస్త' అని ఒకటే నవ్వు."

నేను లేచి బయటికి వెళ్లాను. రోడ్డు దాటాను. మళ్లీ దాటి వచ్చాను.

"నాకు నేర్పిస్తరా?" అన్నాను.

నేర్పించాడు. ఆదివారాలు కోదాడ బయట ఖాళీ జాగాలో. పెద్ద రెక్క కాబట్టి నా తొందరను ఓర్చుకుంది.

ఈ వానాకాలం నాట్లు నిలదొక్కుకున్నాక మోతె వెళ్లాను. బీడులో బామ్మర్ది రెక్క ఎత్తి నిలబడ్డాడు. నేను వెనక.

"బావా, ఎంతసేపు? చేతులు గుంజుతున్నయ్."

"ఊఁ అన్నంక ఇసురు."

"మరి అనవేంది?"

ఇన్నాళ్లూ వినడమే తెలుసు. గాలి ఒకసారి వచ్చి పోయింది. మళ్లీ వచ్చింది.

"ఊఁ" అన్నాను.

గొర్లు తలెత్తి చూసి మేతలో పడ్డాయి. రెక్క బీడు దాటి పొలాల మీదికి పోయింది. తెర మీద లేత పచ్చ, గట్లు, నీళ్ల మెరుపు. తర్వాత ఒకదాని పక్కన ఒకటి నలుపలకల మచ్చలు. వాటి చివర ఒకటి, మిగతావాటి కంటే బాగా ముదురుగా.

బామ్మర్ది నా భుజం మీదుగా తొంగిచూశాడు. "అగో, మనోళ్లు పండిన జాగ."

"అదొక్కటే గంత నల్లగుందేంది?"

"అక్క దవాఖానల ఉన్న వారం బావా. నేను గాడనే ఉంటి గద. మంద కాడ మా ఆడామె ఉండె గని, వల జరిపేటోడు లేకపాయె. అవి వారమంత ఒక్క జాగనే పండినయ్."

మచ్చ తెర అంచుకు జరిగిపోతోంది. బ్యాటరీ ఇంకా ఉంది. రెక్కను మెల్లగా వెనక్కి తిప్పాను.